గణాంక సాఫ్ట్‌వేర్‌ను జవాబు తెలిసిన డేటాతో నేర్చుకోవడం ఎలా?

పరిశోధక విద్యార్థులు చాలామంది గణాంక సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి తెరిచేది డేటా సేకరణ అంతా ముగిసి, సిద్ధాంత గ్రంథం సమర్పించాల్సిన గడువు దగ్గరపడ్డాక. అప్పుడు మూడు కష్టాలు ఒకేసారి మీద పడతాయి: తెలియని సాఫ్ట్‌వేర్, అరకొరగా గుర్తున్న గణాంకశాస్త్రం, ఇంతవరకూ ఎవరూ విశ్లేషించని సొంత డేటా. తెర మీద వింత సంఖ్య ఏదైనా కనిపిస్తే తప్పు ఈ మూడింటిలో ఎక్కడుందో తేల్చుకునే దారే ఉండదు. పైగా గణాంక సాఫ్ట్‌వేర్‌కు ఒక స్వభావం ఉంది. అడిగిన ప్రశ్నకు అర్థం లేకపోయినా అది మారుమాట్లాడకుండా లెక్క కట్టి, మూడు నాలుగు దశాంశ స్థానాల దాకా జవాబు చూపిస్తుంది. మతాన్నో మాతృభాషనో 1, 2, 3 అని నమోదు చేసి, ఆ నిలువు వరుసకు సగటు అడిగితే 1.87 అని చెబుతుందే తప్ప, ఆ సగటుతో ఏం చేసుకుంటారని అడగదు.

అందువల్ల సరైన జవాబు ముందే తెలిసిన చిన్న డేటాతో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మంచిది. ఆ జవాబు మీ చేతుల మీదుగా వచ్చేదాకా సొంత డేటాను తెరవకండి. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఈ పద్ధతి చుట్టూనే ఉంటాయి.

ముందుగా కాగితం మీద

సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎక్కించుకునే ముందే మీ పరిశోధన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. దేన్ని కొలుస్తున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఎవరి దగ్గర కొలుస్తున్నారు అనే మూడు విషయాలూ ఆ వాక్యంలో కనిపించాలి. "నర్సులపై పని ఒత్తిడి ప్రభావం" అనేది శీర్షిక మాత్రమే. "రాత్రి షిఫ్టులో పనిచేసే నర్సుల ఒత్తిడి స్కోరు, పగటి షిఫ్టు నర్సుల స్కోరు కంటే ఎక్కువగా ఉందా?" అని రాసినప్పుడు అది ప్రశ్న అవుతుంది. ఏ టెస్టు చేయాలన్న సంగతి సగం ఆ వాక్యంలోనే తేలిపోతుంది.

తర్వాత, కొలిచే ప్రతి అంశం పక్కన దాని రకాన్ని రాయండి. వృత్తి, రక్తవర్గం వంటివి కేవలం వర్గాలు. "అస్సలు అంగీకరించను" నుంచి "పూర్తిగా అంగీకరిస్తాను" దాకా ఉండే జవాబులకు వరుస క్రమం ఉంటుంది కాని, ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య దూరం సమానమని చెప్పలేం. బరువు, వయసు, రక్తపోటు వంటివి కొలతలు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటినే నామినల్, ఆర్డినల్, స్కేల్ అంటారు. మిగిలిన సాఫ్ట్‌వేర్లలో పేర్లు కాస్త మారినా విభజన ఇదే.

ఇక మిగిలింది, విద్యార్థులు ఎక్కువగా దాటవేసే ప్రశ్న: మీరు పోల్చే రెండు జట్ల సంఖ్యలు వేర్వేరు మనుషులవా, లేక అదే మనుషుల దగ్గర రెండుసార్లు తీసుకున్నవా? వేర్వేరు మనుషులైతే ఇండిపెండెంట్ శాంపిల్స్ టీ టెస్టు, అదే మనుషులైతే పెయిర్డ్ టీ టెస్టు చేయాలి. మూడు లేక అంతకంటే ఎక్కువ జట్ల సగటులను పోల్చాలంటే ఎనోవా, వర్గాలుగా విడదీసే రెండు అంశాల మధ్య సంబంధం చూడాలంటే కై స్క్వేర్, రెండు కొలతల మధ్య సంబంధానికి సహసంబంధం (కోరిలేషన్) లేదా రిగ్రెషన్ (ఒక కొలత నుంచి మరోదాన్ని అంచనా వేసే గీత) చేయాలి. మొదటి దశలో ఇంతవరకు తెలిస్తే చాలు.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి

ఈ ప్రశ్న మీద అవసరానికి మించిన చర్చ జరుగుతుంది. సగటు ఏ సాఫ్ట్‌వేర్‌లో తీసినా సగటే. ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకుంటే సరిపోతుంది. చిక్కు వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూపించగలవారు ఏది వాడుతున్నారు? చదువు ముగిసి సంస్థ లైసెన్సు పోయాక మీ ఫైళ్లను తెరవగలరా?

ఎస్‌పీఎస్‌ఎస్ 1968లో సామాజిక శాస్త్రాల పరిశోధకుల కోసం పుట్టింది, 2009లో ఐబీఎం చేతికి వచ్చింది. మెనూలతో నడుస్తుంది కనుక మొదలుపెట్టడం తేలిక. అయితే డబ్బు కట్టి వాడాలి. ఆర్‌ను 1990ల తొలినాళ్లలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. అది పూర్తిగా ఉచితం, ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది, దాదాపు ప్రతి గణాంక పద్ధతికీ అందులో ప్యాకేజీ దొరుకుతుంది. ఆదేశాలను టైపు చేయాలి కనుక తొలి వారాలు కష్టంగా ఉంటాయి. దాన్ని ఆర్‌స్టూడియోలో తెరిస్తే పని సులువవుతుంది. ముందు ఆర్‌ను, ఆ తర్వాత ఆర్‌స్టూడియోను ఎక్కించుకోవాలి. జమోవి, జాస్ప్ అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ రెంటికీ మధ్యలో నిలుస్తాయి. జమోవి లోపల ఆర్ పనిచేస్తుంది, పైకి మెనూలు కనిపిస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన జాస్ప్‌లో మామూలు టెస్టులతో పాటు బేజియన్ విశ్లేషణలు (ముందున్న అంచనాను డేటాతో సవరించే పద్ధతి) కూడా ఉంటాయి. ఎస్‌పీఎస్‌ఎస్ తీరులోనే ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలంటే పీఎస్‌పీపీ ఉంది. ఆర్థికశాస్త్రం, ప్రజారోగ్య రంగాల్లో స్టాటా వాడకం ఎక్కువ. పైథాన్‌తో కూడా ఇదే పని చేయవచ్చు గాని, ప్రోగ్రామింగ్ ముందే వచ్చినవారికి తప్ప మొదటి సాఫ్ట్‌వేర్‌గా దాన్ని నేను సూచించను.

నా సలహా ఇది: ఒక్క సిద్ధాంత గ్రంథంతో మీ పని ముగుస్తుందనుకుంటే జమోవి, పరిశోధనలోనే కొనసాగాలనుకుంటే ఆర్, మీ విభాగంలో అందరూ ఎస్‌పీఎస్‌ఎస్ వాడుతూ లైసెన్సు కూడా ఉంటే అదే. ఒకటి ఎంచుకున్నాక ఆరు నెలల దాకా మరొకదాని వైపు చూడకండి. ఎక్సెల్‌ను డేటా నమోదుకు వాడుకోవచ్చు. విశ్లేషణకు మాత్రం పైవాటిలో ఏదో ఒకటి ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

పది మంది నిద్ర: మొదటి అభ్యాసం

1908లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేస్తున్న విలియం గాసెట్, "స్టూడెంట్" అనే కలం పేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. నేడు మనం వాడే టీ టెస్టుకు అదే మూలం. పది మంది రోగులకు రెండు నిద్ర మందులను వేర్వేరు సమయాల్లో ఇచ్చినప్పుడు, మామూలు కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారన్న డేటాను అందులో ఉదాహరణగా తీసుకున్నాడు. ఆర్‌లో అది స్లీప్ అనే పేరుతో ముందే ఉంటుంది. ఇతర సాఫ్ట్‌వేర్లలోనైతే కింది సంఖ్యలను మీరే టైపు చేసుకోండి. నమోదు పని కూడా నేర్చుకోవలసిందే.

మొదటి మందు: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0.
రెండో మందు: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4.

ఒక్కో మనిషికి ఒక్కో అడ్డు వరుస కేటాయించి, మూడు నిలువు వరుసలు పెట్టండి: మనిషి సంఖ్య, మొదటి మందు, రెండో మందు. మొత్తం పది అడ్డు వరుసలు వస్తాయి. ముందు రెండు సగటులు తీయండి. మొదటి మందుకు 0.75, రెండో మందుకు 2.33 రావాలి. రాకపోతే ఎక్కడో టైపు తప్పు దొర్లింది. మైనస్ గుర్తులు ఉన్నచోట ముందుగా వెతకండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి, మామూలు కాలిక్యులేటర్‌తో ఒక్కసారి లెక్క కట్టండి. ప్రతి మనిషికీ రెండో సంఖ్య నుంచి మొదటిదాన్ని తీసేస్తే 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4 వస్తాయి. వీటి సగటు 1.58, ప్రామాణిక విచలనం (సంఖ్యలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1.23. ఆ విచలనాన్ని 10 వర్గమూలంతో, అంటే 3.16తో భాగిస్తే 0.389 వస్తుంది. 1.58ని 0.389తో భాగిస్తే సుమారు 4.06. టీ విలువ అంటే ఇదే. పావుగంట పట్టే ఈ పనిని ఎగ్గొట్టవద్దని మరీ మరీ చెబుతున్నాను. చేత్తో ఒక్కసారి చేసినవారికి ఫలితాల పట్టిక ఆ తర్వాత అయోమయంగా కనిపించదు.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెయిర్డ్ టీ టెస్టు చేయండి. జమోవిలో విశ్లేషణల మెనూలోని టీ-టెస్ట్స్ కింద, ఎస్‌పీఎస్‌ఎస్‌లో అనలైజ్ మెనూలోని కంపేర్ మీన్స్ కింద అది ఉంటుంది. టీ విలువ 4.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ మనుషుల సంఖ్యలో ఒకటి తక్కువ) 9, పీ విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.003, తేడాకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల పరిధి) 0.70 నుంచి 2.46 గంటలు అని కనిపించాలి. మీరు ఏ మందును ముందు పెట్టారన్నదాన్ని బట్టి టీ విలువకు మైనస్ గుర్తు రావచ్చు. దానికి కంగారు పడనక్కర్లేదు.

సరైన జవాబు వచ్చింది కనుక ఇప్పుడు కావాలని తప్పు చేయండి. ఇవే ఇరవై సంఖ్యలను ఇరవై అడ్డు వరుసలుగా మార్చి, ఒక నిలువు వరుసలో గంటలు, మరో దానిలో మందు సంఖ్య పెట్టి, ఇరవై మంది వేర్వేరు మనుషులన్నట్టుగా ఇండిపెండెంట్ టీ టెస్టు చేయండి. సగటులు మారవు, తేడా కూడా అదే 1.58 గంటలు. కాని టీ విలువ 1.86కు పడిపోతుంది, పీ విలువ 0.079కి పెరుగుతుంది. అవే సంఖ్యలతో ఒకసారి తేడా స్పష్టంగా ఉందని, ఇంకోసారి తేల్చి చెప్పలేమని ఫలితం వచ్చింది. మనిషికీ మనిషికీ నిద్రలో ఉండే సహజమైన తేడాను పెయిర్డ్ టెస్టు పక్కకు తీసేస్తుంది; ఇండిపెండెంట్ టెస్టులో అదంతా లెక్కలోనే ఉండిపోయి, మందు తెచ్చిన తేడాను కప్పేస్తుంది. రెండో పట్టిక ఇచ్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా చూపలేదన్నది గమనించండి. కాగితం మీద "అదే మనుషులా, వేరే మనుషులా" అని రాసుకోమన్నది ఇందుకే.

ఇంకో తప్పు కూడా చేసి చూడండి. పది వరుసల పట్టికకు తిరిగి వెళ్లి, తొమ్మిదో మనిషికి రెండో మందు కింద ఉన్న 4.6ను 46గా మార్చండి. చుక్క మరిచిపోవడం నమోదులో రోజూ జరిగేదే. సగటు తేడా 1.58 నుంచి 5.72కు ఎగబాకుతుంది. అంత పెద్ద తేడా వచ్చింది కనుక పీ విలువ ఇంకా తగ్గుతుందని అనుకుంటాం. నిజానికి అది 0.003 నుంచి దాదాపు 0.23కు పెరుగుతుంది. ఆ ఒక్క సంఖ్య సగటును పెంచడంతో పాటు ప్రామాణిక విచలనాన్ని 1.23 నుంచి 14కు పైగా తీసుకుపోయింది మరి. ప్రతి నిలువు వరుసకూ కనిష్ఠం, గరిష్ఠం చూసే అలవాటు ఉంటే ఈ తప్పు క్షణంలో దొరుకుతుంది. ఒక రోజులో 46 గంటలు ఎవరూ నిద్రపోలేరు కదా.

టెస్టు కంటే ముందు బొమ్మ

1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు చిన్న డేటా పట్టికలను తయారుచేశాడు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.50, సహసంబంధం 0.816, రిగ్రెషన్ గీత కూడా ఒక్కటే. గ్రాఫు గీస్తే మాత్రం ఒకటి మామూలు చుక్కల మబ్బులా, ఒకటి వంపు తిరిగిన గీతలా, ఒకటి ఒక్క చుక్క తప్ప మిగతావన్నీ సరళరేఖ మీద, ఒకటి ఒక్క చుక్క తప్ప మిగతావన్నీ నిలువు గీత మీద కనిపిస్తాయి. ఆర్‌లో ఈ పట్టికలు ఆయన పేరుతోనే ఉన్నాయి. నాలుగింటికీ సహసంబంధం లెక్కించి, ఆ తర్వాత చుక్కల గ్రాఫులు గీయడం రెండో అభ్యాసంగా చేయండి. కొలతలకు హిస్టోగ్రామ్, జట్లకు బాక్స్ ప్లాట్, రెండు కొలతల సంబంధానికి చుక్కల గ్రాఫు: ఈ మూడూ వస్తే తొలి ఏడాదికి చాలు.

మూడో అభ్యాసానికి ఆర్‌లోని ఎయిర్‌క్వాలిటీ డేటా బాగుంటుంది. 1973 మే నుంచి సెప్టెంబరు దాకా న్యూయార్క్‌లో 153 రోజుల గాలి కొలతలు అందులో ఉన్నాయి. వాటిలో 37 రోజులకు ఓజోన్ విలువ లేదు. ఓజోన్ సగటు అడిగితే ఆర్ సంఖ్యకు బదులు "ఎన్ఏ" (విలువ లేదు) అని చెబుతుంది. ఖాళీలను వదిలేసి లెక్కించమని విడిగా చెబితే 42.13 ఇస్తుంది. మెనూలతో నడిచే సాఫ్ట్‌వేర్లు సాధారణంగా అడగకుండానే ఖాళీలను వదిలేసి, ఎన్ని విలువలతో లెక్కించాయో పట్టికలో ఒక మూల చూపిస్తాయి. కొత్తవారికి ఆర్ మొండిగా కనిపిస్తుంది గాని, ఈ విషయంలో దాని తీరే మంచిది. మీరు ఏది వాడినా, ప్రతి ఫలితంలోనూ ముందుగా నమూనా సంఖ్య చూడండి. 200 మందిని అడిగితే పట్టికలో 143 కనిపిస్తోందంటే, మిగిలిన 57 మంది ఏమయ్యారో తెలిసేదాకా తర్వాతి సంఖ్య చదవనక్కర్లేదు.

డేటా పట్టికను ఎలా అమర్చాలి

ఈ అభ్యాసాలు అయ్యాక సొంత పట్టిక సంగతి చూడండి. ఒక మనిషికి ఒక అడ్డు వరుస, ఒక అంశానికి ఒక నిలువు వరుస, ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. పై వరుసలో పొట్టి పేర్లు, ఆంగ్ల అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయండి. "120/80" అని రక్తపోటును ఒకే గడిలో రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని సంఖ్యగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది. రెండు నిలువు వరుసలుగా విడగొట్టాలి. గడులను కలపడం, రంగులతో అర్థం సూచించడం, పట్టిక అడుగున మొత్తాలు వేయడం మానుకోండి. అనుమానం ఉన్న గడికి పసుపు రంగు వేసే బదులు, "అనుమానం" అనే నిలువు వరుస పెట్టి 1 లేదా 0 రాయండి.

జవాబు ఇవ్వనివారికి 99 అని రాసే పద్ధతి ప్రశ్నావళి పరిశోధనల్లో పాతదే. అయితే 99 అంటే ఖాళీ అని సాఫ్ట్‌వేర్‌కు విడిగా చెప్పాలి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేరియబుల్ వ్యూలోని మిస్సింగ్ గడి అందుకే ఉంది. చెప్పకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 1 నుంచి 5 దాకా ఉండే ప్రశ్నకు 50 మందిలో 47 మంది సగటున 3.2 అని జవాబిచ్చి, ముగ్గురికి 99 అని పడితే, మొత్తం సగటు 8.95 అవుతుంది. స్కేలు గరిష్ఠమే 5 కనుక ఇక్కడ తప్పు కంటికి కనిపిస్తుంది. అదే 99 వయసు వరుసలో పడితే ఎవరూ పట్టుకోలేరు. ఏమీ రాయకుండా ఖాళీగా వదలడమే అన్నిటికంటే క్షేమం.

ప్రశ్నావళిలో వ్యతిరేకార్థంలో ఉండే ప్రశ్నలను తిరగరాయడం మరచిపోకండి. అయిదు మెట్ల స్కేలులో 6 నుంచి అసలు విలువను తీసేస్తే సరిపోతుంది. ఇది చేయకుండా క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చెప్పే కొలత) లెక్కిస్తే విలువ చాలా తక్కువగానో, ఒక్కోసారి మైనస్‌లోనో వచ్చి, ప్రశ్నావళే పనికిరాదేమోనన్న బెంగ పట్టుకుంటుంది. తిరగరాసిన విలువలను పాత వరుస మీద కాకుండా కొత్త వరుసలో పెట్టండి. లేకపోతే వారం తర్వాత మళ్లీ తిరగరాసి, చేసిన పనిని చెడగొట్టుకుంటారు.

ఎక్సెల్‌లో నమోదు చేసేవారికి ఒక హెచ్చరిక. తేదీలా కనిపించే దేన్నైనా అది అడగకుండానే తేదీగా మార్చేస్తుంది. సెప్ట్1, మార్చ్1 అనే జన్యువుల పేర్లు ఇలాగే సెప్టెంబరు 1గా, మార్చి 1గా మారిపోతూ పరిశోధన పత్రాల్లోకి చేరాయి. చివరికి మానవ జన్యువులకు పేర్లు ఖరారుచేసే కమిటీయే 2020 నాటికి ఆ పేర్లను సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చవలసి వచ్చింది. మీ పట్టికలో "10-12" అనే వయోవర్గం ఉంటే అదీ తేదీ అయిపోతుంది. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత నమోదు మొదలుపెట్టండి.

నమోదు పూర్తయ్యాక అసలు ఫైలును ఒక ఫోల్డర్‌లో భద్రపరిచి, ఇక దాన్ని ముట్టుకోకండి. దిద్దుబాట్లన్నీ నకలులోనే జరగాలి. ప్రతి నిలువు వరుస పేరు, అర్థం, కొలమానం, సంఖ్యలకు అర్థాలు రాసిన కోడ్‌బుక్‌ను అదే ఫోల్డర్‌లో పెట్టండి.

చేసిన ప్రతి పనికీ రాత ఉండాలి

2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు ప్రసిద్ధ ఆర్థికవేత్తలు, ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి రేటు −0.1 శాతమని ఒక పత్రం ప్రచురించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ప్రచురితమైన పత్రాన్ని తిరిగి లెక్కించే తరగతి అభ్యాసం కోసం దాన్ని ఎంచుకున్నాడు. ఎంత ప్రయత్నించినా అంకెలు కుదరలేదు. రచయితల నుంచి ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని చూస్తే, సగటు తీసే సూత్రంలో అయిదు దేశాల వరుసలు చేరనే లేదు. మరికొన్ని ఎంపికల మీద కూడా అభ్యంతరాలు చెబుతూ, 2013లో అతడూ ఇద్దరు ఆచార్యులూ కలిసి ఆ సగటు 2.2 శాతం ఉండాలని చూపారు. గడిలో దాగిన సూత్రం కంటికి కనిపించదు. అదే పని ఆదేశాల రూపంలో రాసి ఉంటే చదివేవారికి ముందే దొరికేది. విశ్లేషణకు ఎక్సెల్ వద్దన్నది ఇందుకే.

ఆర్ వాడేవారు ఆదేశాలను కన్సోల్‌లో టైపు చేసి వదిలేయకుండా స్క్రిప్ట్ ఫైలులో రాసుకోవాలి. హ్యాష్ గుర్తు పెట్టి, ఆ పక్కన ఎందుకు చేశారో మామూలు భాషలో ఒక వాక్యం రాయండి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మెనూతో ఎంపికలన్నీ చేశాక "ఓకే" నొక్కే బదులు "పేస్ట్" నొక్కితే ఆ ఆదేశం సింటాక్స్ కిటికీలో చేరుతుంది. అక్కడి నుంచి నడపండి. ఏళ్ల తరబడి ఎస్‌పీఎస్‌ఎస్ వాడినవారిలో కూడా ఈ బటన్ నొక్కనివారు ఉంటారు. జమోవి ఫైలులో డేటా, ఎంపికలు, ఫలితాలు మూడూ కలిసే ఉంటాయి. సింటాక్స్ మోడ్ ఆన్ చేస్తే ప్రతి విశ్లేషణకూ ఆర్ కోడ్ కూడా చూపిస్తుంది. తర్వాత ఆర్ నేర్చుకోవాలనుకునేవారికి అది మంచి నిచ్చెన.

ఫలితాల పట్టికను చదవడం

ఇండిపెండెంట్ టీ టెస్టు చేస్తే ఎస్‌పీఎస్‌ఎస్ రెండు వరుసల ఫలితం ఇస్తుంది: జట్ల విస్తృతులు సమానమనుకుంటే ఒకటి, కాదనుకుంటే ఒకటి. ఆర్ మాత్రం విడిగా చెప్పకపోతే రెండో పద్ధతినే, అంటే వెల్చ్ పద్ధతినే వాడుతుంది. స్నేహితుడు ఆర్‌లో చేసిన జవాబూ మీరు ఎస్‌పీఎస్‌ఎస్‌లో చేసిన జవాబూ కాస్త తేడాగా వస్తే చాలాసార్లు కారణం ఇదే. ఎనోవాలో కూడా, జట్లలో మనుషుల సంఖ్య సమానంగా లేనప్పుడు ఇలాంటి తేడా వస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ మామూలుగా మూడో రకం వర్గాల మొత్తాలను (సమ్ ఆఫ్ స్క్వేర్స్) వాడుతుంది, ఆర్‌లోని సాధారణ ఎనోవా ఆదేశం మొదటి రకాన్ని వాడుతుంది. రెండూ తప్పు కాదు. ఏది వాడారో రాయాలి.

పీ విలువ గడిలో ".000" అని కనిపిస్తే దాన్ని సున్నా అని రాయకూడదు. అది 0.001 కంటే తక్కువ అని మాత్రమే అర్థం. నిజంగా ఏ తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకంటే పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతో పీ విలువ చెబుతుంది; తేడా ఎంత పెద్దదో, ఎంత ముఖ్యమో చెప్పదు. అందుకే తేడా పరిమాణం, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, ఎఫెక్ట్ సైజు (తేడాను ప్రామాణిక విచలనంతో పోల్చిన కొలత; కింది వాక్యంలో కోహెన్ డీ అలాంటిదే) కూడా రాయాలి. నిద్ర డేటా ఫలితాన్ని ఇలా రాయవచ్చు: "అదే పది మందిలో రెండో మందు తీసుకున్నప్పటి అదనపు నిద్ర, మొదటి మందుతో పోలిస్తే సగటున 1.58 గంటలు ఎక్కువ; 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.70 నుంచి 2.46, టీ విలువ 4.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పీ విలువ 0.003, కోహెన్ డీ 1.28." సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పట్టికను యథాతథంగా సిద్ధాంత గ్రంథంలో అతికించడం కంటే ఈ ఒక్క వాక్యం పాఠకుడికి ఎక్కువ చెబుతుంది.

చిక్కుపడినప్పుడు

ఎర్రని అక్షరాల్లో వచ్చే దోష సందేశాన్ని చూసి కిటికీ మూసేయకండి. చాలావరకు అది స్పెల్లింగు తప్పు, మూయని బ్రాకెట్, పెద్ద చిన్న ఆంగ్ల అక్షరాల తేడా, లేదా ఫైలు వేరే ఫోల్డర్‌లో ఉండడం. అప్పటికీ తెగకపోతే సమస్యను అయిదారు వరుసల డేటాకు కుదించి చూడండి. కుదించే క్రమంలోనే తప్పు బయటపడడం సర్వసాధారణం. పడకపోయినా, ఎదుటివారిని అడగడానికి చక్కటి ప్రశ్న తయారవుతుంది. కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు కోడ్ రాసిపెడతాయి గాని, ఆ కోడ్‌ను ముందు నిద్ర డేటా మీద నడిపి 4.06, 0.003 వస్తున్నాయో లేదో చూసుకున్నాకే నమ్మండి. పరిశోధనలో పాల్గొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు ఉన్న పట్టికను మాత్రం ఏ వెబ్‌సైటులోనూ ఎక్కించకండి. వారు అనుమతి ఇచ్చింది మీ అధ్యయనానికి మాత్రమే.

సొంత డేటాకు వచ్చేసరికి

వీలైతే డేటా సేకరణ మొదలుకాక ముందే, మీ ప్రశ్నావళికి తగినట్టు ఇరవై వరుసల కల్పిత జవాబులు నింపి, విశ్లేషణ మొత్తం దాని మీద నడపండి. ఆ కల్పిత ఫైలు పేరులోనే "కల్పితం" అని ఉండాలి, అసలు డేటాతో ఎక్కడా కలవకూడదు. ఏ ప్రశ్న జవాబును ఏ టెస్టులో వాడుకోవాలో తెలియడం లేదని అప్పుడే బయటపడితే ప్రశ్నావళిని మార్చుకునే అవకాశం ఇంకా ఉంటుంది. వందల మంది దగ్గర నింపించుకొచ్చాక ఉండదు. ఏ పరికల్పనకు ఏ టెస్టు అన్నది ఈ దశలోనే రాసి, తేదీ వేసి, పర్యవేక్షకులకు పంపండి. అసలు డేటా వచ్చాక పీ విలువ 0.05 కిందికి దిగేదాకా టెస్టులు మార్చి మార్చి చూడాలన్న ఆశ పుట్టినప్పుడు ఆ తేదీ వేసిన కాగితం మిమ్మల్ని ఆపుతుంది. ముందు అనుకోని విశ్లేషణ ఏదైనా చేస్తే, అది తర్వాత తోచినదని గ్రంథంలో స్పష్టంగా రాయండి.

అసలు డేటాతో స్క్రిప్ట్ నడిపేటప్పుడు వరుస ఇలా ఉండాలి: నమూనా సంఖ్య, ప్రతి నిలువు వరుస కనిష్ఠ గరిష్ఠాలు, ఖాళీల లెక్క, గ్రాఫులు, ఆ తర్వాతే టెస్టు. యాదృచ్ఛిక సంఖ్యలు వాడే పద్ధతి ఏదైనా ఉంటే సీడ్ సంఖ్యను (ఆ సంఖ్యల వరుస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్యను) స్క్రిప్ట్‌లోనే రాయండి. లేకపోతే నడిపిన ప్రతిసారీ జవాబు కొద్దికొద్దిగా మారుతుంది. పద్ధతుల అధ్యాయంలో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, వాడిన ప్యాకేజీల పేర్లు ఇవ్వాలి. ఆర్‌లో సైటేషన్ అనే ఆదేశం, దాన్ని ఎలా ఉదహరించాలో పూర్తి వాక్యంతో సహా చూపిస్తుంది.

గ్రంథాన్ని పర్యవేక్షకులకు ఇచ్చే ముందు అసలు డేటా, కోడ్‌బుక్, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌ను మరో కంప్యూటర్‌లోకి నకలు చేసి, స్క్రిప్ట్‌ను మొదటి వరుస నుంచి చివరిదాకా ఒక్కసారి నడపండి. గ్రంథంలోని ప్రతి పట్టికనూ తెర మీది అంకెలతో పెన్సిల్ పట్టుకుని సరిచూడండి. కుదరని అంకె ఏదైనా కనిపిస్తే, గ్రంథంలోని అంకెను దిద్దే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో స్క్రిప్ట్‌లో వెతకండి.